కప్పబండి ఎడమ గిల్ల

రెండువేల ఇరవై మూడు, ఏప్రిల్ తొమ్మిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జొన్నరొట్టెలు, పొట్టేలు మాంసం తిన్నాం. పండగేమీ కాదు. ఒడ్డు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్న పొట్టేలును ఇక బతకదని కోశారు. మా అన్న కొడుకు పరశురాములు మాత్రం అది తాను బండి కొన్నందుకు ఇస్తున్న దావత్ అని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. తనది కాని పొట్టేలుతో, తాను వండని కూరతో దావత్ ఇవ్వడం అతనికి కొత్త కాదు.

మంచం మీద కూర్చుని బొక్క చీకుతూ మా అన్న గోపయ్య అన్నాడు: "కాలిరిగినదాన్ని ఏం జేస్తరో సూసినవా తమ్మీ? నన్నెప్పుడు కోస్తరో అడుగు."

ఎవరూ నవ్వలేదు. ఆ చలికాలం కందిచేను ఒడ్డు మీంచి పడి అన్న తుంటి విరిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో ఇనుప కడ్డీ వేశారు. కట్టె పట్టుకుని ఇంట్లోంచి దొడ్డిదాకా వస్తాడు, అంతే. మంద వెనక నడవలేడు. వానలు పడేలోగా మందను ఎవరు తోలాలో తేలకపోతే అమ్మేయడమే అన్నది అప్పటికే ఇంట్లో అనుకున్న మాట. అన్న చెవిన పడకుండా అనుకున్నామని మా నమ్మకం. గొర్రె దగ్గును బట్టి దాని జబ్బు చెప్పే మనిషికి గోడ అవతలి మాట వినపడదనుకున్నాం.

పరశురాములు సౌదీకి పోయి వచ్చాడు. అక్కడ ఎడారిలో నాలుగు చక్రాల బండి మీద కూర్చుని వందల గొర్రెల్ని తోలానని చెప్పేవాడు. అక్కడ అతను తోలింది నీళ్ల ట్యాంకరని మాకు తర్వాత తెలిసింది. హైదరాబాద్ దారిలో మూతబడ్డ ఒక రిసార్టు వాళ్ల దగ్గర అలాంటి ఏటీవీ దొరికితే పట్టుకొచ్చాడు. నాలుగు ఉబ్బిన టైర్లు, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే సీటు, బొటనవేలితో నొక్కితే కదిలే బండి. ఇక మందకు నడిచే మనిషితో పని లేదన్నాడు.

ట్రాలీలోంచి దించేటప్పటికే దాని ముందు ఎడమ గిల్లలో, అంటే చక్రంలో, గాలి లేదు. టైరు ఇనుప చక్రాన్ని వదిలి వేలాడుతోంది.

"ముందు గాలి కొట్టిద్దాంరా," అన్నాను.

"దుర్ముహూర్తం పడ్తది చిన్నాయినా. ముందు కొబ్బరికాయ. గాలి ఎప్పుడన్న కొట్టుకోవచ్చు."

సౌదీలో ట్యాంకరు ఎక్కేముందు ముహూర్తం ఎవరు చూసిపెట్టారో అడగాల్సింది. నేను డిగ్రీ చదివినవాణ్ని, కోస్గిలో ప్రైవేటు బడిలో సైన్సు చెప్పినవాణ్ని. అందుకే మా ఇంట్లో నా మాటకు విలువ లేదు. నా భార్య యాదలక్ష్మి చనిపోయినప్పటి నుంచి అన్నావదినెల పక్క గదిలో ఉంటున్నాను. విలువ లేకపోయినా వేళకింత చాయ్ దొరుకుతుంది. దాని మీద మూత కూడా పెట్టి ఉంటుంది. ఆ మూత పెట్టేది మా వదినె బక్కమ్మ.

కొబ్బరికాయ ఇంటి పెద్దే కొట్టాలని అన్నను కుర్చీలో చక్రం పక్కన కూర్చోబెట్టారు. పసుపు, కుంకుమ తడిపి టైరుకు, ఇనుముకు మెత్తి పెట్టారు. అన్న కొబ్బరికాయను చేతిలో తిప్పి చూశాడు.

"గీ కప్పకు కొబ్బరికాయ ఒకటి తక్కువైంది," అని, వంగి నేల మీది రాయికి కొట్టలేక, చేతికి అందిన చక్రం అంచుకే కసిదీరా కొట్టాడు. కాయ తునకలు తునకలైంది. నీళ్లు టైరు లోపలికి కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే గాలి కొట్టారు. టైరు టప్పున లేచి చక్రానికి కరుచుకుంది.

బండికి కప్ప అనే పేరు ఆ రోజే స్థిరపడింది.

*

మర్నాడు పొద్దున ఎడమ గిల్ల కూలబడి ఉంది. బండి ఒక పక్కకు ఒరిగి, దూకాలా వద్దా అని ఆలోచిస్తున్న కప్పలాగే ఉంది.

"ఏందిరో, రాత్రికి రాత్రి నీ కప్పకు పక్షవాతమొచ్చిందా?" అన్నాడు అన్న.

"ముల్లు గుచ్చింది నాయినా."

"ఇంకా వాకిలి దాటలే, ముల్లు యాడిదిరా? మీ అమ్మ ముగ్గుల పోసిందా?"

పరశురాములు దాన్ని కోస్గిలో టైర్ల దుకాణానికి తీసుకుపోయాడు. ఆ దుకాణపాయన చక్రం విప్పలేదు, నీళ్లలో ముంచలేదు. ఒక సీసాలోంచి పచ్చటి మందు వాల్వులోకి పోసి, జీపు టైరుకు కొట్టినంత గాలి కొట్టి పంపించాడు. ముల్లు గుచ్చిన చిల్లును పూడ్చే మందు అది. ముల్లు ఎక్కడ గుచ్చిందని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. ఇద్దరికీ సంతృప్తి కలిగింది. ఈ టైరుకు ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చుపోసి ఉంది. చాలా కొంచెం, సైకిలుకు పట్టేదానికన్నా ఎంతో తక్కువ. చదివేవాడు లేక ఆ అక్షరాలు ఊరికే దుమ్ము మోస్తున్నాయి. ఆ గాలితో వస్తూ వస్తూ బండి దారి పొడవునా ఎగిరెగిరి పడిందట. దాన్ని కూడా పరశురాములు బండి హుషారు కింద లెక్కేశాడు.

తెల్లారి మళ్లీ అదే వరస.

అప్పుడు అతనికి ఒక ఉపాయం తట్టింది. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి మిషను కొన్నాడు. రోజూ పొద్దున్నే వాకిట్లో దడదడమని గాలి కొట్టేవాడు. కొన్నాళ్లకు దాన్ని మా ఇంట్లో 'బండి రిపేరు' అనడం అలవాటైంది. రిపేరు చేశాక ఫోన్లో ఫొటో తీసుకునేవాడు. దిష్టి తగిలిందని ఎవరో అంటే నిమ్మకాయ, ఎండు మిరపకాయలు కూడా కట్టాడు. గాలి పోవడం ఆగలేదు. వంటింట్లో మిరపకాయలు తగ్గాయి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. గాలి పోయేది మెల్లగా పోయేది. ఉన్నట్టుండి బోల్తా కొట్టించి ఎవరి ప్రాణమూ తీయలేదు. మధ్యాహ్నందాకా లాక్కొచ్చి, ఎక్కడో ఒక తుమ్మ నీడన కూలబడేది. ఇనుప వస్తువుకైనా అంత దయ ఉండటం నాకు గొప్పగా తోచేది.

మందకు ఆ బండి చప్పుడు పడేది కాదు. పరశురాములు హారన్ కొడుతూ వెనక నుంచి వస్తే గొర్రెలు నాలుగు దిక్కులకూ పారిపోయేవి. అతను ఒక దిక్కుకు పోయి వాటిని తెచ్చేసరికి మూడు దిక్కులవి ఎవరి చేలోనో ఉండేవి. తిట్లు ఇంటిదాకా వచ్చేవి. చివరికి కోడలు మల్లిక తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా చంకన పెట్టుకుని, ఎండలో నడిచిపోయి మందను మలుపుకొచ్చేది. ఆమె వెనక గొర్రెలు, గొర్రెల వెనక బండిని నెట్టుకుంటూ భర్త.

"బండి గొర్రెల్ని తోల్తదన్నరు," అంది ఒకరోజు వాకిట్లో అడుగుపెడుతూనే. "ఇయ్యాల గొర్రెలే బండిని తోల్కొచ్చినయి మామా."

"తోల్కరాక ఏంజేస్తయి? అందరికన్న గొప్ప గొర్రె దాని మీదనే కూసుండె," అన్నాడు అన్న.

ఆ ఎండాకాలం అన్నకు తిట్లే తిండి, తిట్లే మందు. మంచం మీద నుంచే ప్రతి ఒక్కరికీ పంచేవాడు. బండిని, కొడుకును, దవాఖాన డాక్టరును, ఎండను తిట్టాడు. నన్నూ వదల్లేదు. టైరుకు ఎంత గాలి పట్టాలో నేను చదివి చెప్పబోతే, "నీ డిగ్రీ తీసి గొర్రె మెడకు కట్టు తమ్మీ, గంటన్న మోగుతది," అన్నాడు.

*

మే నెలాఖరులో గుర్వయ్య వచ్చాడు. గొర్రెల బేరగాడు. దొడ్డిలోకి దిగి ఒక్కోదాని నడుము మీద అరచెయ్యి వేసి నొక్కుతూ, మొహం చిట్లిస్తూ తిరిగాడు. మంచి సరుకు ముందు మొహం చిట్లించడమే అతని వ్యాపారం. మందకు ముందు నడిచే పెద్ద పొట్టేలు దగ్గర ఆగాడు. అన్న దాన్ని పాలసీసాతో పెంచాడు.

"దీనికి నడుము లేదు. పీక కింద ఏలాడుడే ఉన్నది," అన్నాడు గుర్వయ్య.

నేను వాకిట్లో మంచం మీదున్న అన్న వైపు చూశాను. పరశురాములు కూడా తల దించుకుని, పడబోయే పిడుగు కోసం ఎదురుచూశాడు. ఆ మాట మామూలు రోజుల్లో అని ఉంటే గుర్వయ్య ఏడు తరాలు దొడ్డి గోడ దూకి పారిపోవాల్సిందే.

అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మిరుగం పోయినంక వచ్చి మందను కొట్టుకపోత," అని చెప్పి గుర్వయ్య వెళ్లిపోయాడు. మిరుగమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. పది రోజుల దూరం కూడా లేదు.

ఆ మరుసటి సాయంత్రం బక్కమ్మ వదినె నా గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె నా గడప దాకా రావడమే అరుదు.

"వీరేశం, ఇయ్యాల పప్పుల ఉప్పెయ్యలే."

"మర్చిపోయినవా వదినె?"

"లే. కావాల్నే ఎయ్యలే." అన్న మంచం వైపు చూసింది. "తిన్నడు. చెయ్యి కడుక్కున్నడు. పండుకున్నడు."

నేను లేచి గడప దాకా వచ్చాను.

"గిన్నేండ్ల సంసారంల ఉప్పు సరిపోయిన దినం గూడ తిట్టిండు. ఉప్పే లేని దినం ఊకున్నడు. నాకు భయమైతాంది. నువ్వు సదువుకున్నోనివి, జర ఏమన్న జెయ్యి."

ఏం చేయాలో నాకేం తెలుసు? దిగులుకు మందు నేను చదివిన సైన్సులో లేదు. అది ఉంటే నా కోసమే ఎప్పుడో వాడుకునేవాణ్ని. నాకు తెలిసిందల్లా ఎదుట కనపడే ఆ ఎడమ గిల్ల. ఇంట్లో ఇంతమందిమి ఉండి, ఒక్కరం కూడా దాన్ని విప్పి చూడలేదు.

*

ఆదివారం పొద్దున బక్కమ్మ తలస్నానాలకు కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. అందులోంచి ఒక చెంబెడు రసం అడిగి తీసుకుని, చక్రం మీద చుట్టూ పోశాను. మల్లిక కొంగు నడుముకు దోపి పక్కన కూర్చుంది.

"చిన్నమామా, బండికి గూడ తలకు పోస్తున్నవా?"

"జర సూడు, నురుగు యాడ లేస్తదో."

ముల్లు గుచ్చితే ఒక్కచోటే బుడగ లేస్తుంది. ఇక్కడ టైరు మీద ఎక్కడా లేవలేదు. టైరు అంచు ఇనుప చక్రానికి ఆనుకునే గీత వెంట, జానెడు పొడవున, సన్నటి బుడగలు వరసగా లేచాయి, పాలు పొంగేముందు గిన్నె అంచున వచ్చేలాంటివి. టైరుకు రోగం లేదు. టైరు, ఇనుము ఒకదాన్నొకటి సరిగ్గా పట్టుకోవడం లేదు.

పరశురాములు గడపలో ఫోను చూస్తూ, "గాలి మిషను ఉండంగ గిదంత ఎందుకు చిన్నాయినా?" అన్నాడు. మిషను ఉండగా అనే మాట అతను ఆ వేసవిలో ఎన్నిసార్లు అన్నాడో, అన్నిసార్లూ గాలి పోయింది.

అంచు పట్టు విడిపించడం చేతులతో అయ్యే పని కాదు. పక్కింటి లింగస్వామి ట్రాక్టరు ఉంది. చక్రం ఊడదీసి ట్రాక్టరు కింద పడుకోబెట్టి, టైరు అంచు మీద జాకీ నిలబెట్టి లేపుతూ పోయాం. పైన ట్రాక్టరు బరువు, కింద టైరు.

"సారూ, చెయ్యి తియ్యుండ్రి. పిల్లలకు పాఠం జెప్తలేరు, నలుగుతది," అన్నాడు లింగస్వామి.

టైరు అంచు గట్టిగా చప్పుడు చేసి లోపలికి జారింది. పచ్చటి మందు కంపు కొడుతూ బయటికి కారింది. మల్లిక వేళ్లు లోపలికి పోనిచ్చి, అంచు వెంట తడుముతూ పోయి ఆగింది. ఏదో పీకి తీసి కొంగుకు తుడిచింది.

గోరంత కొబ్బరి చిప్ప. దానికింత పీచు. అది ఇరుక్కున్న చోట ఎండి గట్టిపడ్డ పసుపు కుంకుమ, వాటి కింద కొబ్బరినీళ్లకు పట్టిన తుప్పు.

వాకిట్లో అందరం ఆ ముక్కను చూశాం. తర్వాత అందరం మంచం వైపు చూశాం. మల్లిక లేచి వెళ్లి దాన్ని అన్న అరచేతిలో పెట్టింది.

"మామా, ఇగో ప్రసాదం. జర ఆలిశమైంది."

అన్న దాన్ని తిప్పి చూశాడు. కంటి దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశాడు.

"నేను గొట్టిందేనా?"

"నువ్వు గొట్టిందే."

"అంటే దేవుని దాక పోనే పోలే గది." ఆ ముక్కను దిండు కింద పెట్టుకున్నాడు. తల మెల్లగా కొడుకు వైపు తిప్పాడు. "ఏంరా సౌదీ సేటూ. రెండు నెల్ల సంది గాలి కొడ్తనే ఉంటివి, కొడ్తనే ఉంటివి. ఒక్కనాడన్న ఇప్పి సూడాల్నని నీ బుర్రకు తట్టలేదా? లేకుంటే గా బుర్రల గూడ గా పచ్చమందే పోసిండా కోస్గోడు?"

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఉన్న బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో నేను చూడదలచుకోలేదు. పని వైపు తిరిగాను.

గరుకు కాగితంతో ఇనుము అంచంతా తెల్లగా మెరిసేదాకా రుద్దాం. టైరు అంచును కడిగి, ఆరబెట్టి, మళ్లీ కుంకుడురసం పూసి చక్రం మీదికి ఎక్కించాం. గాలి మిషను పెడితే ఒక పక్క నుంచి పోసిన గాలి ఇంకో పక్క నుంచి బుస్సుమని పోతోంది. అంచులు ఇనుముకు ఆనడం లేదు. ఆనితేనే గాలి నిలుస్తుంది, గాలి నిలిస్తేనే ఆనుతాయి. సంగతి నాకు తెలుసు. చేయడమెట్లాగో తోచలేదు.

"నేను జెప్పలే?" అన్నాడు పరశురాములు సంతోషంగా. ఇతరుల పని చెడినప్పుడు అతని మొహం నిజంగా కళకళలాడుతుంది.

"నువ్వు నోరు మూస్కో. తమ్మీ, దాని నడుముకు తాడు గట్టు," అన్నాడు అన్న మంచం మీంచి. "ఉన్ని మూట గట్టినట్టు. నడుమ బిగవడితే అంచులు బయటికి రావా?"

గొర్రెల బొచ్చు కత్తిరించాక, ఉబ్బిన ఉన్ని మూటకు నడుమ తాడు చుట్టి, తాడులో కట్టె దూర్చి మెలిపెట్టి బిగించడం మా ఇళ్లలో తాతల నాటి పద్ధతి. చిన్నప్పుడు నేనూ పట్టాను. టైరు చుట్టూ మధ్యలో తాడు వేశాను. మెలిపెట్టడానికి కట్టె కోసం అటూ ఇటూ చూశాను.

అన్న తన కట్టె చాపాడు.

ఆ కట్టెను ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. గుర్వయ్య వచ్చిపోయిన దగ్గరినుంచి అన్న కూడా ముట్టలేదు. మంచం కింద పడి ఉంది. నేను చెయ్యి చాపేలోగా మళ్లీ వెనక్కి లాక్కున్నాడు.

"నీకు రాదు. నన్ను లేపుండ్రి."

మల్లిక భుజం ఆసరాగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏప్రిల్లో కూర్చున్న చోటే. కట్టెను తాడులో దూర్చి తిప్పాడు. నరాలు తేలిన ఆ చేతులు మెల్లగా, తొందర లేకుండా తిరిగాయి. టైరు నడుము నొక్కుకుపోయింది, పెదవులు బయటికి వచ్చి ఇనుమును అందుకున్నాయి. గాలి మిషను గొంతు మారింది. ఒక పక్క టప్ మంది. కాసేపటికి రెండో పక్క కూడా.

"పట్టిందిరో కప్ప ఊపిరి," అన్నాడు అన్న. మిగిలిన కుంకుడురసం అంచు చుట్టూ పోశాను. ఒక్క బుడగ లేవలేదు.

*

మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. గదిలోంచి బయటికి వచ్చి చూస్తే బండి నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడి ఉంది. రాత్రంతా ఒక చిన్న వస్తువు తన ఊపిరి తాను నిలుపుకున్నదంటే, పొద్దున లేచిన మనిషికి అంతకంటే శుభవార్త ఏముంటుంది?

పరశురాములు కళ్లు నులుముకుంటూ, అలవాటుగా గాలి మిషను పట్టుకొచ్చాడు.

"యాడ వెడ్తవురా గది?" అంది మంచం. "నీ నోట్ల వెట్టుకో. కొంచెం బుద్ధన్న ఊరుతదేమో."

తర్వాత అన్న గొంతు తగ్గించి, "తమ్మీ, నన్ను గా కప్ప మీద కూసోవెట్టు," అన్నాడు.

గొంగడి మడిచి సీటు మీద వేశాను. పీట వేసి, నేనొక పక్క, మల్లికొక పక్క పట్టి ఎక్కించాం. తుంటి దగ్గర పళ్లు బిగించాడు, అరవలేదు. బొటనవేలితో ఎక్కడ నొక్కాలో మల్లిక చూపించింది. సైకిలు కూడా తొక్కని మనిషి. బండి ఒక్కసారి ఉలిక్కిపడి, ఆగి, మళ్లీ గొర్రె నడిచేంత మెల్లగా కదిలింది.

దొడ్డి తడక తీశాను. చప్పుడు వినగానే మంద ఎప్పటిలాగే బెదిరి చెదిరింది. అన్న హారన్ జోలికి పోలేదు. నాలుక అంగిట్లో ఆడించి, ఆయన మాత్రమే చేసే ఆ కూత వేశాడు. పెద్ద పొట్టేలు ఆగింది. చెవులు కదిలించింది. తిరిగి వచ్చి బండి ముందు నిలబడి, టైరు వాసన చూసి, నడక మొదలుపెట్టింది. మిగతావి దాని వెనక కలిశాయి. మల్లిక నీళ్ల సీసా తీసుకుని మంద పక్కన నడిచింది. పరశురాములు వాకిట్లో గాలి మిషను పట్టుకుని నిలబడిపోయాడు. పాపం, ఫొటో తీయడం కూడా మర్చిపోయాడు.

మిరుగం పోయాక చెప్పిన మాట ప్రకారం గుర్వయ్య వచ్చాడు. అన్న అప్పుడే మంద మలుపుకొచ్చి, ఇంకా బండి దిగలేదు. ఎత్తు మీంచి చూశాడు.

"ఏం గుర్వయ్యా, నడుము లేని పొట్టేలు కోసం ఇంత దూరమొచ్చినవా? నీకు మస్తు నడుమున్నది గదా, గట్లనే మల్పుకొని పో."

"అమ్ముతనన్నరు గద పటేలా?"

"ఎవలన్నరు? నేనన్ననా? గోడతోని మాట్లాడి పోయినవ్. గోడనే కొనుక్కపో."

గుర్వయ్య నా మొహం చూశాడు. నేను సైన్సు చెప్పినవాణ్ని, గోడల గురించి నాకేమీ తెలియదన్నట్టు నిలబడ్డాను.

ఆ సాయంత్రం దూరంగా ఎక్కడో వాన పడిన వాసన వచ్చింది. బక్కమ్మ అందరికీ జొన్న గటక, చింతచిగురు పప్పు పెట్టింది. అన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఉప్పు బస్తా ఒలికిందా ఇండ్ల?"

ఉప్పు సరిగ్గానే ఉంది. నేను తిన్నాను కదా. వదినె ఇంకో గరిటె పప్పు ఆయన కంచంలోనే వేసింది. అంత నిమ్మళంగా ఆమె వడ్డించడం ఆ వేసవిలో అదే మొదటిసారి చూశాను.

తిన్నాక అన్న కట్టె పట్టుకుని ఒక్కడే దొడ్డి వైపు నడిచాడు. సాయం వస్తానంటే తిడతాడని నా గడపలోనే నిలబడి చూశాను. పిల్లగొర్రెలు బండి చక్రాలకు ఆనుకుని పడుకుని ఉన్నాయి. అన్న కట్టె కొనతో ఎడమ గిల్లను ఒకసారి పొడిచి చూశాడు. అది కట్టెను వెనక్కి నెట్టింది.

"సావలే ఇంకా," అన్నాడు గొంతు తగ్గించి.

తర్వాత, ఒక్క పిల్ల కూడా లేవకుండా, తడకను కొంచెం పైకెత్తి పట్టుకుని మెల్లగా మూశాడు.